నేవీ మాస్టారి నీలం పడవ

కిందటి నెల ఎర్రమ్మకి మోకాలి ఆపరేషన్ అయిందని తెలిసి విజయనగరం నుంచి కళింగపట్నం వెళ్ళాను. ఎర్రమ్మ, నేను హైస్కూల్లో ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకున్నవాళ్ళం. వాళ్ళది రేవు దగ్గర జాలరిపేట. మాది ఊళ్ళోకొచ్చే రోడ్డు పక్కన వడ్రంగి ఇల్లు. ఆపరేషన్ అయిన మనిషి మంచం మీద ఉంటుందనుకుంటే, చేతికర్ర పట్టుకుని గుమ్మంలోనే నిలబడి ఉంది. కాఫీ కూడా తాగనివ్వలేదు. "సెప్పులిప్పకు. నీకోటి సూపించాల, రా," అని నన్ను వంశధార ఒడ్డుకి నడిపించింది. నది సముద్రంలో కలిసే చోటుని మేం మొగ అంటాం. ఆ మొగకి ఇవతల, నీళ్ళు వెడల్పుగా పరుచుకుని నెమ్మదించిన చోట, ఆరు చిన్న తెరచాపలు తిరుగుతున్నాయి. ఒక్కో పడవలో ఒక్కో పిల్ల, ఒంటి మీద నీళ్ళలో మునగనివ్వని జాకెట్టు. పడవలు స్నానాల తొట్టెల కన్నా కాస్త పెద్దవి, అంతే.

"ఏటే ఇది?" అన్నాను.

"సెలవుల్లో నేర్పతన్నారు. మనూరి గుంటలే అందరూను. సూడు, ఆ ఎర్ర జాకెట్టుది మా పక్కింటిది. దానికి గాలి ఎటొస్తన్నాదో ఇంకా తెలీదు," అంది ఎర్రమ్మ. అంటూండగానే ఆ ఎర్ర జాకెట్టు పిల్ల పడవ పక్కకి ఒరిగి బోల్తా పడింది. నేను నీళ్ళ వైపు రెండడుగులు వేశాను గానీ ఎర్రమ్మ కర్ర మీద గడ్డం ఆనించి చూస్తోంది. కాసేపటికి పిల్ల తల తేలింది. పడవ వెనక్కి ఈదుకుంటూ వెళ్ళి, దాని అడుగున పొడుచుకొచ్చిన పలక మీదెక్కి వెనక్కి వాలింది. తెరచాప నీళ్ళు కార్చుకుంటూ లేచింది. పిల్ల లోపలికి దొర్లి, పళ్ళికిలించి ఒడ్డు వైపు చెయ్యూపింది. నాకు మా మామ్మ గుర్తొచ్చింది. ఎర్రమ్మకీ ఆవిడే గుర్తొచ్చి ఉంటుంది. ఇద్దరం ఒడ్డునున్న ఓ పాత నావ అంచున కూర్చున్నాం.

మా ఇల్లంటే నాకు ముందు గుర్తొచ్చేది వాసన. నాన్న చిత్రిక పడుతుంటే రేగే టేకు పొట్టు వాసన, డబ్బాలో ఉడికే, చెక్కలతికే సరేసు వాసన, పొయ్యి మీద చోడంబలి వాసన, వీటన్నిటి మీదా మామ్మ చుట్ట వాసన. మామ్మ నాన్నకి తల్లి. చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ పీల్చేది. ఆదివారం చర్చికి వెళ్ళేముందు మాత్రం దాన్ని ఆర్పి చూరులో దోపేది. పాస్టరుగారు మా ఇంటికొస్తే చూరు వైపు చూడకుండా జాగ్రత్తపడేవారు. పొద్దున్న ప్రార్థన మామ్మే చేసేది. ఊళ్ళో జబ్బు చేసినవాళ్ళందరి పేర్లూ, ఈనబోయే మా ఆవు పేరూ కూడా దేవుడికి అప్పజెప్పేది. నాన్న పేరు మాత్రం ఆ ప్రార్థనలో రాదు. చిన్నప్పుడు నేనది గమనించలేదు.

ఆమెకి ఇద్దరు కొడుకులు. పెద్దవాడు మా నాన్న దేవదానం, చిన్నవాడు సామ్యేలు చిన్నాన్న. అవతలి ఒడ్డున ఓ ఊళ్ళో చర్చికి గుమ్మాలు చెయ్యడానికి ఒప్పుకుని, నాన్న దుంగలు సిద్ధం చేశాడు. వాటిని పడవలో దాటించాల్సిన రోజున నాన్నకి జ్వరం. "నువ్వు తొంగో అన్నయ్యా, నానెల్తాను," అని చిన్నాన్న వెళ్ళాడు. సద్దికూడు మర్చిపోయాడని మామ్మ మూట పట్టుకుని రేవుకి వెళ్ళింది. ఆవిడ వెళ్ళేసరికి పడవ నది మధ్యలో ఉంది. దుంగలు ఓ పక్కకి జారాయి. పడవ బోర్లా పడి, దాని నల్లటి అడుగు పైకి తేలింది. ఆ నల్లటి అడుగు తప్ప మరేమీ కనపడలేదని మామ్మ చెప్పేది. అప్పటికి నాకు ఏడేళ్ళు.

ఆ రోజు నుంచి మామ్మ నాన్నతో నేరుగా మాట్లాడలేదు. "నువ్వెల్లాల్సింది" అని ఎప్పుడూ అనలేదు, మాట్లాడ్డం మానేసింది అంతే. నాన్నకి వేళకి కూడు వండేది, జ్వరమొస్తే కషాయం కాచేది, మాట మాత్రం లేదు. ఆ మాటలన్నీ నా మీదుగా నడిచేవి. "సుగుణా, మీ నాన్నకి సెప్పు, కూడు సల్లారిపోతన్నాది." నాన్న మూరెడు దూరంలోనే ఉండేవాడు. "వస్తన్నానని సెప్పు," అనేవాడు. అమ్మ ఇందులో తలదూర్చకుండా ఆ పని నాకే వదిలేసింది. చాలా ఏళ్ళు నేను అన్ని ఇళ్ళల్లోనూ ఇలాగే ఉంటుందనుకున్నాను. ఎర్రమ్మ వాళ్ళింట్లో వాళ్ళ నాన్న, మామ్మ ఒకళ్ళ మీదొకళ్ళు నేరుగా అరుచుకుంటుంటే చూసి ఆశ్చర్యపోయాను. మామ్మ రేవు వైపు వెళ్ళడం కూడా మానేసింది. చేప నోట పెట్టలేదు. సంతకి వెళ్ళాలన్నా సముద్రం కనపడకుండా చుట్టుదారిన వెళ్ళేది.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా మా హైస్కూలుకి డ్రిల్లు మాస్టారిగా సింహాచలంగారొచ్చారు. ఆమదాలవలస వైపు మనిషి. నేవీలో చాలాకాలం పనిచేసి వచ్చారు గనక ఊరంతా నేవీ మాస్టారనేవారు. తెల్ల నిక్కరు, దానికి కత్తిలాంటి ఇస్త్రీ, మెళ్ళో ఈల. ఓరోజు మధ్యాహ్నం సాలూరు లారీ ఒకటి మా వాకిట్లో ఆగింది. మాస్టారు దిగారు. వెనకాల కొబ్బరితాళ్ళతో కట్టి ఓ చిన్న పడవ. రంగు నీలమని చెప్పుకోవాలి గానీ సగం పెచ్చులూడిపోయింది. విశాఖపట్నంలో కుర్రాళ్ళకి తెరచాప నేర్పడానికీ పందేలకీ వాడి, పాడైతే పక్కన పడేసిన పడవట. ఇద్దరు నడిపేది. చెక్క పుచ్చిపోయి, అడుగున చెయ్యి దూరేంత కన్నం. "దేవదానం, దీన్ని బాగుచేస్తే మన పిల్లలకి నేర్పుతాను. తెరచాప కట్టడం తెలిసినోడికి ఎక్కడైనా బతుకుంది," అన్నారు మాస్టారు. ఊళ్ళో పడవలు బాగుచేసేవాళ్ళు వేరే ఉన్నారు. పల్చటి చెక్కతో చేసిన ఈ బొమ్మలాంటిదాన్ని చూసి వాళ్ళు నవ్వారట. నాన్న దాని చుట్టూ రెండుసార్లు తిరిగాడు. అడుగున చెయ్యేసి తడిమాడు. "దించండి," అన్నాడు.

ఎందుకు ఒప్పుకున్నాడో ఆయన ఎప్పుడూ చెప్పలేదు. నేనూ అడగలేదు. ఆ సాయంత్రం మామ్మ వాకిట్లోకొచ్చి పడవని చూసి, గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది. తర్వాత నాతో, "ఈ ఇంట్లో అదుండగా నాను పెరట్లోకి రానని సెప్పు," అంది. చెప్పాను. నాన్న తల వంచుకుని పుచ్చు చెక్క ఊడదీస్తూనే ఉన్నాడు. రెండు నెలలు ఆ పడవ మా పెరటి పాకలో ఉంది. కోడిపెట్ట ఒకటి దాన్లోకెక్కి గుడ్లు పెట్టేది. మామ్మ ఆ గుడ్లు తినేది కాదు. నాన్న మాత్రం పొద్దున్న లేవగానే పాకలోకి వెళ్ళేవాడు. పడవ మధ్యలో కన్నంలోంచి నీళ్ళలోకి దించే పలక ఒకటుంటుంది, గాలికి పడవ పక్కకి కొట్టుకుపోకుండా. పాత పలక విరిగిపోయింది. కొత్తది టేకుతో చేశాడు. దాన్ని చిత్రిక పట్టినన్ని రోజులు మా ఇంటి తలుపులకి కూడా పట్టలేదు. వేలితో నిమిరి, మళ్ళీ పట్టి, మళ్ళీ నిమిరేవాడు.

పడవ రేవుకి చేరాక, ఈత వచ్చినవాళ్ళందరినీ రమ్మన్నారు మాస్టారు. ఎర్రమ్మ ముందు నిలబడింది. నాకు ఈత రాదు. "రాకపోతే నేర్పతాను, ఏటవుతాది," అని ఎర్రమ్మ నన్ను నదిలో నడుం లోతులో దించి, నీళ్ళు తాగించి తాగించి వేసవయ్యేలోపు ఈదేలా చేసింది. నాన్నని అడగడానికి భయపడి వారం రోజులు ఆలోచించాను. అడిగితే చిత్రికలోంచి పొట్టు దులిపాడు. చివరికి, "మాస్టారు సెప్పినట్టు ఇను. ఆయనిచ్చిన నారింజ జాకెట్టు ఇప్పకు," అన్నాడు. మామ్మ అడిగితే డ్రిల్లుకెళ్తున్నానని నా నోటితోనే చెప్పించాడు. నాకు తెలిసి మా నాన్న ఆడిన అబద్ధం అదొక్కటే.

చుక్కాని నేను పట్టేదాన్ని, ముందు తెరచాప తాడు ఎర్రమ్మ పట్టేది. ఎర్రమ్మకి గాలి చెంప మీద తెలిసేది. "ఇప్పుడు తిరుగుతాది, తిప్పు," అనేది. రెండు క్షణాలకి గాలి నిజంగానే తిరిగేది. ఎదురుగాలికి పడవ నేరుగా వెళ్ళదనీ, అటో వంక ఇటో వంక కోసుకుంటూ వెళ్ళాలనీ తెలిసిన రోజు నాకు లెక్కల పరీక్షలో నూటికి నూరొచ్చినంత సంతోషమేసింది. ఒక్క పడవకి పదకొండుగురం. మిగతావాళ్ళు ఒడ్డున కూర్చుని ముడులు వేసేవారు, మాస్టారు ఈల వేస్తే మారేవారు. ఈతపళ్ళు, ఇసక, తడి గుడ్డలు, నవ్వులు. ఇంటికొచ్చేముందు ఎర్రమ్మ వాళ్ళింట్లో మంచినీళ్ళు పోసుకుని, పరికిణీ మార్చుకుని వచ్చేదాన్ని.

శనివారాలు మామ్మ నాకు తలంటేది. ఓ శనివారం నా జడ విప్పి, ఆముదం రాయబోయి ఆగింది. వెంట్రుకలు వాసన చూసింది. ఓ పాయ నోటికి తగిలించి నాలికతో చూసింది. "ఉప్పు," అంది. ఆముదం గిన్నె కింద పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. తిట్టలేదు, కొట్టలేదు. అందుకే ఇంకా భయమేసింది. ఆ సోమవారం స్కూలు అయ్యాక నేను రేవుకి వెళ్ళినప్పుడు, వెనకాలే మామ్మ కూడా వచ్చిందని నాకు తెలీదు. ఎనిమిదేళ్ళ తర్వాత ఆవిడ ఆ దారిన నడిచింది, నన్ను జుట్టు పట్టుకుని ఇంటికి లాక్కుపోవడానికి.

సరిగ్గా ఆ రోజే మాస్టారు మాకు బోల్తా నేర్పుతున్నారు. భీమిలిలో పందేలున్నాయి, పడవ పడితే లేపడం రానివాళ్ళని పంపనన్నారు. ఆయన ఈల వేశారు. నేనూ ఎర్రమ్మా ఒకే పక్కకి వాలాం. పడవ ఒరిగింది, తెరచాప నీళ్ళ మీద పడింది, అక్కడితో ఆగకుండా పూర్తిగా బోర్లా పడింది. నాకు ఒక్కసారి అంతా పచ్చగా, చీకటిగా అయిపోయింది. చెవుల్లో నీళ్ళు. జాకెట్టు నన్ను పైకి లాగింది. తేలేసరికి పడవ నీలం అడుగు నా ముందుంది, దాని మీద నాన్న చేసిన పలక నిలబడి ఉంది. ఎర్రమ్మ అటుపక్క నుంచి, "నానిక్కడున్నాను, ఎక్కు!" అని అరుస్తోంది. పలక పట్టుకుని వేలాడి, పడవ పక్కకి తిరిగాక ఆ పలక మీదికెక్కి, తాడు పట్టుకుని వెనక్కి వాలాను. ఎంతకీ కదల్లేదు. ఇంకా వాలాను. అప్పుడు ఏదో వదులైనట్టయి, తెరచాప చప్పుడు చేసుకుంటూ పైకి లేచింది. ఎర్రమ్మ పడవతోపాటే లోపలికొచ్చి పడింది. నన్నూ లాగింది. ఇద్దరం డబ్బాలతో నీళ్ళు తోడుకుంటూ ఒడ్డు వైపు చూశాం. నడుం లోతు నీళ్ళలో మా మామ్మ నిలబడి ఉంది. మాస్టారు ఆవిడ రెండు చేతులూ పట్టుకుని ఉన్నారు.

పడవ బోర్లా పడగానే ఆవిడ సామేలూ అని అరుస్తూ నీళ్ళలోకి నడిచేసిందట. నా పేరు కాదు. మేం ఒడ్డుకొచ్చేసరికి ఆవిడ ముఖంలో కోపం లేదు. పడవ వైపే చూస్తోంది.

"అదేటి? లేసింది?" అంది.

"లేస్తాదమ్మా. అలగే సేసినారు దీన్ని," అన్నారు మాస్టారు.

"మల్లీ ఓపాలి తిప్పమను."

మాస్టారు నా వైపు చూశారు. మేం మళ్ళీ లోపలికెళ్ళి మళ్ళీ బోల్తా కొట్టించాం. ఆవిడ నీళ్ళలోంచి కదల్లేదు. లేపుకుని వచ్చాం. "ఇంకోపాలి," అంది. మూడోసారీ లేపుకొచ్చాం. అప్పుడు మామ్మ ఒడ్డుకొచ్చి తడి ఇసకలో కూలబడింది.

"ఈ ఇద్దె ఆ దినాన మా సామేలుకి తెలిసుంటే," అంది.

మాస్టారు ఆవిడ ఎదురుగా గొంతుక్కూర్చున్నారు, ఆ ఇస్త్రీ నిక్కరుతోనే. ఊరడింపు మాట చెప్తారనుకున్నాను. "అబద్ధం సెప్పనమ్మా," అన్నారు. "అది బరువు పడవ. నిండా దుంగలు. అది లేవదు. నేవీవోడున్నా లేపలేడు."

మామ్మ వేలితో ఇసక గీకింది. "మరి పెద్దోడెల్లుంటే?"

"పెద్దోడూ వచ్చీవోడు కాదు. ఇద్దరూ ఎల్లుంటే ఇద్దరూ పోయీవోరు."

మామ్మ లేచి కొంగు పిండుకుంది. నా జుట్టు పట్టుకోలేదు, చెయ్యి పట్టుకుంది. దారంతా చలికి ఇద్దరం వణుకుతూనే వచ్చాం. ఇంటికొచ్చేసరికి నాన్న పాకలో కుర్చీ కాలు ఏదో చిత్రిక పడుతున్నాడు. తడిసిన మమ్మల్ని చూసి ఆయన చేతులు ఆగిపోయాయి. నేను అలవాటు కొద్దీ ఇద్దరి మధ్యా నిలబడ్డాను, ఎవరి మాట ఎవరికి మోయాలో అని. మామ్మ నన్ను పక్కకి జరిపింది.

"ఒరే దేవదానం," అంది. "ఆ పలక నువ్వే సేసినావా?"

నాన్న చిత్రిక కింద పెట్టాడు. "నానే."

"గట్టిగున్నాది. గుంటది నిలబడితే వొంగనేదు." ఆవిడ పొద్దు వైపు చూసింది. "ఏలయిపోనాది. కూడు తిందువు రా."

నాన్న నూతి దగ్గరికెళ్ళి చేతులు కడుక్కుంటూ చాలాసేపు ఉండిపోయాడు. అమ్మ పిలవబోతే మామ్మ వద్దంది. మర్నాడు పొద్దున్న ప్రార్థనలో, జబ్బు మనుషుల పేర్లు అయ్యాక, ఆవు పేరుకి ముందు, నాన్న పేరొచ్చింది. నేను కళ్ళు తెరిచి చూశాను. నాన్న కళ్ళు గట్టిగా మూసుకుని ఉన్నాడు.

ఇప్పటి పిల్లలవి ఫైబరు పడవలు. పుచ్చవు, కన్నం పడవు. జాకెట్లు ఒంటికి సరిపోతాయి, మాకున్న నాలుగూ పెద్దవాళ్ళ కొలతవి, మెడ దగ్గర కోసుకుపోయేవి. గాలి ఎటు తిరుగుతుందో ఫోనులోనే చూసుకుంటున్నారు. ఆ రోజు వాళ్ళకి నేర్పే అమ్మాయి మా దగ్గరికొచ్చి మాట్లాడింది, పాతికేళ్ళుండవు. మా కాలంలో ఆడపిల్లలు ఎక్కేవారా అని అడిగితే ఎర్రమ్మ, "నాను ముందు, ఇది ఎనకాల," అని గొప్పగా చెప్పింది. ఆ రోజులే మంచివని నేననను. మాకు పదకొండుగురికి ఒక్క పడవ ఉంటే వీళ్ళకి ఆరున్నాయి, అది మంచిదే. జుట్టుకి ఉప్పు వాసనొస్తే ఇంట్లో దాచుకోవాల్సిన అవసరం వీళ్ళకి లేదు, అది ఇంకా మంచిది. ఆ ఎర్ర జాకెట్టు పిల్ల తల్లి ఒడ్డునే కూర్చుని చేపల బుట్ట అల్లుకుంటోంది. కూతురు బోల్తా పడ్డప్పుడు తలెత్తి చూసి మళ్ళీ అల్లుకుంది. ఆ నిశ్చింత రావడానికి మా ఇంట్లో ఎనిమిదేళ్ళు పట్టింది.

ఆ ఏడు భీమిలి పందేనికి అందరం వెళ్ళాం. పడవ లారీలో, మేం బస్సులో. మామ్మ చూరులోని చుట్ట కూడా తెచ్చుకుంది. డబ్బా నిండా నువ్వుండలు చేసింది. తొమ్మిది పడవలు. మిగతావన్నీ మెరుస్తున్నాయి, మాదొక్కటే అతుకుల పడవ. మధ్యాహ్నానికి సముద్రపు గాలి గట్టిపడింది. ఎర్రమ్మ, "ఆగు, ఆగు, ఇప్పుడు కొయ్యి," అంటూ ఉంటే రెండు పడవల్ని దాటేశాం. రెండో చుట్టులో విశాఖపట్నం అమ్మాయిల పడవ ఒకటి మా కళ్ళముందే బోర్లా పడింది. మేం ముందుకెళ్ళిపోయాం గనక ఒడ్డున ఏం జరిగిందో నాకు తెలీదు, నాన్న చెప్పాడు.

ఒడ్డున ఆ అమ్మాయి తల్లి ఉందట. పట్టుచీర, గొడుగు, చేతికి గడియారం. పడవ అడుగు పైకి తేలగానే గొడుగు వదిలేసి కేకలు పెట్టింది. చుట్టూ పెద్దమనుషులు ఏదో ఇంగ్లీషులో చెప్తున్నా ఆమెకి వినపడ్డం లేదు. మా మామ్మ గబగబా ఇసకలో నడిచి వెళ్ళి ఆమె మణికట్టు పట్టుకుందట.

"కంగారు పడకమ్మా, లేస్తాది. నాను సూసినాను, మూడుపాల్లు సూసినాను. ఆ పలక సూడు. మీ గుంట అదెక్కితే అయిపోయినట్టే. అదిగో, ఎక్కతన్నాది. కల్లు ముయ్యకు, సూడు."

పడవ లేచేదాకా మామ్మ ఆమె చెయ్యి వదల్లేదట. లేచాక ఆమె మా మామ్మ భుజం మీద తల పెట్టి ఏడ్చిందట. మామ్మ ఆమె వీపు నిమురుతూ నిలబడిందట.

మేం ఐదో స్థానంలో వచ్చాం. పడవ లాగి ఒడ్డున పెట్టి, ఆ మాట చెప్పడానికి ఎర్రమ్మా నేనూ పరిగెత్తుకుంటూ మామ్మ దగ్గరికెళ్ళాం. ఆవిడ సగం విని, "సర్లే," అని డబ్బా మూత తీసింది. నాలుగు నువ్వుండలు నా తడి చేతిలో పెట్టింది. అవి మాకేననుకున్నాను.

"నీకు కాదు. అదిగో, ఆ పడిన గుంటకి ఇచ్చి రా," అంది. "పడి లేసినోలికి ఆకలేస్తాది. బేగి ఎల్లు."